పది నిమిషాల నంబరు

మడకశిర,
3 నవంబరు 2025

గంగాదేవి గారికి,

మీ తమ్ముడి భార్య జయంతి రాస్తున్నది. ఇక్కడ అందరం తిరుగుతున్నాం, తింటున్నాం. మీరూ అలాగే ఉన్నారని తలుస్తాను.

ఫిబ్రవరిలో మీ లావణ్య పెళ్ళిపందిట్లో ఇక మీతో మాట్లాడనని మా నాయన మీద ఒట్టు పెట్టుకున్నాను. అందుకే ఫోను చేయడం లేదు. రాయనని ఒట్టు పెట్టుకోలేదు కాబట్టి రాస్తున్నాను. మీ తమ్ముడిని ఒక్క మాట మీ చెవిన వేయమని అడిగాను. "మీ ఇద్దరి మాటలు మోసి మోసి నా మెడలు పడిపోయినాయి. ఇంక నేను మోయను, మీరూ మీరూ చూసుకోండి" అని గొర్రెల సంతకు వెళ్ళిపోయారు.

విషయానికి వస్తాను. డిసెంబరు పద్నాలుగున లావణ్య శ్రీమంతం అని లావణ్యే ఫోను చేసి చెప్పింది. రవికె నేనే కుట్టాలట, వీపు మీద తన పేరు ఉండాల్సిందేనట. సరేనన్నాను. మీకు ఇష్టం ఉన్నా లేకపోయినా బిడ్డకు మాట ఇచ్చేశాను. పెళ్ళి రవికె మీద 'ణ'కు అంటుకుని ఉండాల్సిన యవత్తు విడిపోయి దూరంగా నిలబడింది కదా, దానికి నన్ను నలుగురిలో ఏమన్నారో మీకు గుర్తుండే ఉంటుంది. ఈసారి పేరు విరగకూడదు. అది నా పట్టుదల.

విరగకుండా రావాలంటే ఎంబ్రాయిడరీ మిషను ల్యాప్‌టాప్‌కు అప్‌డేట్ కావాలి. అప్‌డేట్ స్టోరు నుంచి రావాలి. స్టోరేమో సైన్ ఇన్ కావడం లేదంటుంది. ఖాతాలో మీ ఫోను నంబరు ఉండటం వల్లే ఈ తిప్పలన్నీ. మీ నంబరు తీసేసి నాది పెట్టుకోవాలి. మీ ఫోనుకు ఆరంకెల నంబరు వస్తుంది. రాగానే పంపించగలరు.

ఇట్లు,
జయంతి

---

కళ్యాణదుర్గం,
8 నవంబరు 2025

జయంతికి వదిన గంగాదేవి రాసేది.

ముందు ఒక మాట చెప్పు. ఈ 'మీరు' ఎవరు? కాపురానికి వచ్చిన రోజు నుంచి పంతొమ్మిదేళ్ళుగా నన్ను నువ్వు అని పిలిచిన నోరు నీది. ఉత్తరమంతా మీరు, మీకు, మీతో. పోస్ట్‌మ్యాన్ వేరే వాళ్ళ ఉత్తరం నాకు ఇచ్చాడేమోనని కవరు తిప్పి అడ్రసు చూసుకున్నాను. తిట్టాలంటే నువ్వు అనే తిట్టు, నాకు అలవాటే.

నువ్వు రాసినట్టే స్టోరుకు వెళ్ళాను. రేషన్ కార్డు, ఆధార్ కార్డు రెండూ తీసుకుని ఎండలో మా పక్కింటి ఓబమ్మ వెనకాల నిలబడ్డాను. నా వంతు వచ్చాక డీలరు నారాయణప్ప వేలు పెట్టమన్నాడు. పెడితే మిషను తీసుకోలేదు. తల నూనె రాసి పెట్టమన్నాడు. అప్పుడూ తీసుకోలేదు. పదివేళ్ళూ అయ్యాక "ఇంతకీ ఎవురికమ్మా అప్‌డేటు?" అన్నాడు. మా మరదలికి, రవికె మీద పేరు సరిగ్గా రావాలంట అన్నాను. ఆ మనిషి నన్ను ఎగాదిగా చూసి, "ఆయమ్మ కార్డు మడకశిరలో ఉండాది. ఈడ నా మిషన్లో యాడ దొరుకుతుంది? అయినా మేము బియ్యం ఇస్తామమ్మా, రవికెలు కుట్టము" అన్నాడు. లైను లైనంతా నవ్వింది. ఓబమ్మ అయితే నవ్వలేక కింద కూర్చుంది. స్టోరు కూడా ల్యాప్‌టాప్‌లోకి పోయిందేమో, ఇప్పుడు అన్నీ అందులోకే పోతున్నాయి కదా అనుకున్నాను. నా తెలివి అంత.

నా నంబరు నీ ఏ ఖాతాలో ఉందో నాకు తెలియదు. తీసేయాలి అని మాత్రం చక్కగా రాశావు. తీసేసుకో. నంబరుతో ఆగడం ఎందుకు, వదిన అనే పేరు కూడా తీసేసుకో. నాకేం బాధ లేదు. ఈ మాట రాసి రెండు రోజులు ఉత్తరం పక్కన పెట్టాను, మళ్ళీ ఇప్పుడు రాస్తున్నాను.

నంబరు వస్తే పంపమన్నావు. మూడొచ్చాయి. ఇంగ్లీషు నాకు రాదు కాబట్టి అంకెలు మాత్రం క్యాలెండరు వెనక రాసిపెట్టాను. ఐదు ఎనిమిది రెండు సున్నా ఒకటి మూడు. తొమ్మిది సున్నా ఆరు ఆరు నాలుగు ఏడు. ఒకటి ఒకటి మూడు ఎనిమిది రెండు ఐదు. మూడూ పంపుతున్నాను, ఏది కావాలో ఏరుకో.

ఇంకొకటి. 'అత్తా నువ్వూ మాట్లాడుకుంటున్నారా అమ్మా?' అని లావణ్య ఫోనులో అడిగింది. కడుపుతో ఉన్న బిడ్డ మనసు ఎందుకు నొప్పించాలని, రోజూ మాట్లాడుకుంటున్నాం అని చెప్పాను. నువ్వు అక్కడ వేరేగా చెప్పి నన్ను అబద్ధాలకోరును చేయొద్దు.

గంగాదేవి

---

మడకశిర,
12 నవంబరు 2025

వదినకు,

నువ్వే అంటున్నాను, చూసుకో. కోపం అలాగే ఉంది, దాని కోసం భాష మార్చుకునే ఓపిక లేదు.

నీ ఉత్తరం షాపులో చదివాను. రవికె కొలతలు ఇవ్వడానికి వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు నా ముఖం చూసి ఏమైందమ్మా అన్నారు. పదివేళ్ళకూ నూనె రాసుకున్న దగ్గర ఇక నా వల్ల కాలేదు, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వాను. వదినా, అది బియ్యం స్టోరు కాదు. ల్యాప్‌టాప్ లోపలే ఒక అంగడి ఉంటుంది. మిషనుకు బొమ్మలు గీసి ఇచ్చే యాప్ అందులోనే దొరుకుతుంది. దాన్నీ స్టోరు అనే అంటారు. తప్పు నాది, కోపంలో పొట్టిగా రాశాను.

జరిగింది మొదటి నుంచి చెబుతాను. ల్యాప్‌టాప్ ఆపి తెరిచిన ప్రతిసారీ తేదీ వెనక్కి పోయేది. నేను నవంబరు అంటే అది 2020 జనవరి ఒకటి అనేది. తేదీ తప్పుగా ఉంటే స్టోరు మన ముఖం కూడా చూడదు, నువ్వెవరో నాకు తెలియదు పొమ్మంటుంది. మొబైల్ షాపు కార్తికేయకు చూపిస్తే, "లోపల బిళ్ళ బ్యాటరీ అయిపోయిందక్కా, అందుకే దానికి కాలం తెలీడం లేదు" అని కొత్తది వేశాడు. తేదీ కుదిరింది, స్టోరు మాత్రం తెరుచుకోలేదు. నెట్ ఆపి మళ్ళీ పెట్టాను. స్టోరు దాచుకున్న పాత చెత్త అంతా తుడిచాను. చివరికి ఒక వీడియోలో చూశాను, ఖాతాలో నుంచి ఒకసారి బయటికి వచ్చి మళ్ళీ లోపలికి వెళ్తే సరిపోతుందని. బయటికి వచ్చాను. ఇక లోపలికి రానివ్వడం లేదు. మీ ఇంట్లో నుంచి వచ్చేసినట్టే అయింది నా బతుకు.

పాస్‌వర్డ్ కొడితే, ఇది నువ్వేనని నమ్మకం ఏమిటి, నీ ఫోనుకు నంబరు పంపాను, అది చెప్పు అంటుంది. ఆ ఫోను నీది. గుర్తుందా, ల్యాప్‌టాప్ కొన్నప్పుడు మీ ఇంట్లోనే లావణ్య ఖాతా తెరిచింది. ఆ పొద్దున నా ఫోను మీ నీళ్ళ తొట్టిలో పడింది. అమ్మ నంబరు వేద్దాంలే అత్తా అని వేసేసింది. అందుకే తీసేయాలి అన్నాను, నిన్ను ఇబ్బంది పెట్టకూడదని. వదిన అనే పేరు దాకా ఎందుకు పోయావు? అది తీసేయడానికి ఏ బటనూ లేదు.

నువ్వు పంపిన మూడు నంబర్లూ పనికిరావు. ఆ నంబరుకు ప్రాణం పది నిమిషాలే. ఉత్తరం వచ్చేసరికి నాలుగు రోజులు. నీ నంబరు లేకుండా మార్చుకోవచ్చట, ముప్పై రోజులు ఆగాలట. ఆగితే డిసెంబరు పన్నెండు. రవికెకు నాకు వారం పైనే కావాలి. కొత్త ఖాతా తెరుద్దామంటే ఐదేళ్ళ డిజైన్లన్నీ పాత దాంట్లోనే ఉన్నాయి. నీ ముగ్గు చూసి చేసిన తామరపువ్వు కూడా అందులోనే. లావణ్య రవికెకు అదే వేయాలనుకున్నాను.

లావణ్యను మధ్యలో పెట్టి నంబరు తెప్పించుకుందామంటే కుదరదు. నేనూ ఆ పిల్లకు, మీ అమ్మతో రోజూ గంటలు గంటలు మాట్లాడుతున్నాననే చెప్పాను.

జయంతి

---

కళ్యాణదుర్గం,
17 నవంబరు 2025

జయంతికి,

ఉత్తరం అందింది. పది నిమిషాలు అన్నది చదివి మీ అన్నకు కూడా చదివి వినిపించాను. పొద్దున బొరుగులతో చేసిన ఉగ్గాని మధ్యాహ్నం దాకా ఉంటుంది, పది నిమిషాల్లో పాచిపోయే నంబరు ఎందుకు పంపాలమ్మా ఎవరైనా? స్పీడు పోస్టులో వేస్తే ఎంతసేపని పోస్ట్‌మ్యాన్‌ను అడిగాను. రెండు రోజులు తక్కువ కాదన్నాడు. పది నిమిషాల్లో చేరాలంటే ఎట్లా అంటే, "నేనే పక్షినై ఎగరాల" అన్నాడు. అతనికీ చులకనే నేను.

నువ్వు రాసిన ఒక మాట నాకు గుచ్చుకుంది. బయటికి వస్తే లోపలికి రానివ్వడం లేదు, మీ ఇల్లు లాగే అన్నావు. నేనెప్పుడు రావద్దన్నాను? మా ఇంటికి తలుపు వేసి నీకు నంబరు అడిగానా? రాఖీకి తమ్ముడు ఒక్కడే వచ్చాడు. నీకని ఉంచిన చీర బీరువాలోనే ఉంది. గడప తొక్కనన్నది నువ్వు. ఇది కోపంతో రాయడం లేదు, ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

ఇప్పుడు అసలు సంగతి. ఎవరికి ఫోను చేసినా ముందు ఒక ఆవిడ గొంతు వస్తోంది, మీ ఫోనుకు వచ్చిన నంబరు ఎవరికీ చెప్పొద్దు, మోసపోతారు అని. మొన్న బ్యాంకు వాళ్ళు మా వీధిలో మీటింగ్ పెట్టి అదే చెప్పారు. మీ చుట్టాలమని చెప్పుకుని అడుగుతారు, నమ్మొద్దు అన్నారు. మీ అన్న వెంటనే నా వైపు తిరిగి, "మీ మరదలు నిజంగా మీ మరదలేనా అని ఒకసారి కనుక్కో" అన్నాడు. ఆయనకు ఎగతాళి. నాకు మాత్రం రెండు రోజులు అదే పట్టుకుంది. చేతిరాత నీలాగే ఉంది. చేతిరాతను ఎవరైనా దించొచ్చు కదా.

అందుకని నేనూ ఆ ల్యాప్‌టాప్ లాగా ఒక ప్రశ్న అడుగుతున్నాను. నువ్వు మా పుట్టింటికి కాపురానికి వచ్చిన మొదటి వారం వంటింట్లో ఏం జరిగింది? అది నీకూ నాకూ తప్ప ఈ భూమ్మీద ఎవరికీ తెలియదు. సరైన జవాబు వస్తేనే మిగతా మాట.

లావణ్య కొలత రవికె విడిగా పార్సిల్ చేశాను. చేతుల దగ్గర ఒక వేలు వదులు పెట్టు, బిడ్డ ఒళ్ళు చేసింది. ఇది నీ మీద నమ్మకం కుదిరిందని కాదు, ఆలస్యం కాకూడదని.

గంగాదేవి

---

మడకశిర,
21 నవంబరు 2025

వదినకు,

జవాబు రాస్తున్నాను. ఉత్తరం చదివాక చించేయి.

మా అత్త పెట్టిన చింతకాయ ఊరగాయ జాడీ అటక మీద నుంచి దించబోయి పగలగొట్టింది నేను. ఊరగాయ అంతా బండల మీద పరుచుకుంది. నేను ఏడుస్తూ నిలబడితే, పురిటికి వచ్చి పుట్టింట్లో ఉన్న నువ్వు చంకలో లావణ్యను ఎత్తుకునే వచ్చావు. ఒక్క మాట అడగలేదు. పెంకులన్నీ ఏరి పెరట్లో పూడ్చేశావు. మా అత్త వచ్చి అడిగితే, "పిల్లి దూకిందమ్మా" అన్నావు. ఆ పిల్లికి సంవత్సరం పాటు మా అత్త చేతిలో దెబ్బలే. ఆ రోజు నుంచి నాకు నువ్వంటే ప్రాణం. అందుకే పందిట్లో నువ్వు అందరి ముందూ ఆ మాట అన్నప్పుడు తట్టుకోలేకపోయాను. పరాయి వాళ్ళు అనుంటే, నువ్వు ముందు రవికె కుట్టి చూడు అని ఎదురు చెప్పేదాన్ని. పదకొండు రోజులు కూర్చుని ఒక్కో పూసా చేత్తో కుట్టాను వదినా. 'రాయడం రానిదానికి కుట్టుడెందుకు' అన్నావు. నేను పదో తరగతి తప్పినదాన్నని నీకు తెలుసు కదా. అక్కడ తగిలింది నాకు.

సరే, అయిపోయింది. రాసేశాను కాబట్టి కాస్త తేలికగా ఉంది.

ఇప్పుడు నంబరు సంగతి. ఒట్టు తీసి గట్టు మీద పెట్టలేను. మా నాయన మీద పెట్టాను. ఆయనకు ఎనభై నాలుగు, ఆయాసం. చలికాలం కూడా వచ్చేసింది. రేపు ఏమన్నా అయితే నా వల్లే అనుకుని చస్తాను. అందుకని బాగా ఆలోచించాను. ఒట్టు మాట్లాడననే కదా. అంకెలు మాటలు కావు. ఒకటి, రెండు అనడం మాట్లాడటం కిందికి రాదు. కార్తికేయను కూడా అడిగాను, "ఏమప్పా, అంకెలు మాటలా?" అని. "అవి అంకెలక్కా" అన్నాడు. కంప్యూటర్ తెలిసినవాడు.

డిసెంబరు ఒకటి, సోమవారం, పొద్దున సరిగ్గా పదకొండు గంటలకు నేను ఇక్కడ బటన్ నొక్కుతాను. నీ ఫోనుకు నంబరు వస్తుంది. వెంటనే నాకు ఫోను చెయ్యి. ఆరంకెలు చెప్పు, పెట్టేయి. నేను ఏమీ అనను, నువ్వూ ఏమీ అనొద్దు. మూడుసార్లు తప్పు కొడితే ఖాతాకు తాళం పడుతుంది, ఇప్పటికే ఒకటి నా చేత్తో తప్పింది. కాబట్టి నిదానంగా, గట్టిగా చెప్పు. ఆ రోజు కుదరకపోతే రవికె మీద పేరు లేనట్టే. పేరు లేని రవికెతో నేను మీ ఇంటికి రాలేను.

జయంతి

---

కళ్యాణదుర్గం,
25 నవంబరు 2025

జయంతికి,

నువ్వు జయంతివే. ఉత్తరం చించలేదు. బీరువాలో నీ చీర కింద పెట్టాను.

నువ్వు రాసినదానికి జవాబు నా దగ్గర ఉంది. ఇప్పుడు రాయను. ఒక్కొక్క పని. ముందు నంబరు.

సోమవారం పదకొండుకు సిద్ధంగా ఉంటాను. ఫోను ఇప్పటి నుంచే ఛార్జింగ్‌లో పెట్టాను. మీ అన్న చూసి నవ్వుతున్నాడు, ఆరు రోజుల ముందే ఎందుకని. మా ఇంట్లో వంటింటి కిటికీ దగ్గర తప్ప సిగ్నల్ దొరకదు. కాబట్టి అక్కడ కుర్చీ వేసుకున్నాను. గోడ మీద ఉన్న నంబర్లన్నీ గట్టిగా చదివి అలవాటు చేసుకుంటున్నాను. గ్యాస్ బుక్కు నంబరు, కరెంటు మీటరు నంబరు అన్నీ అయ్యాయి. పక్కింటి ఓబమ్మ గోడ మీది నుంచి తొంగి చూసి, "ఏమైంది గంగాదేవీ, లెక్కలు నేర్చుకుంటాండావా ఈ వయసులో?" అంది.

నాకు కొన్ని అనుమానాలు ఉన్నాయి. సున్నాను సున్నా అనాలా, జీరో అనాలా? అన్నింటి కన్నా పెద్ద అనుమానం, నువ్వు ఫోను ఎత్తగానే నేను హలో అనొచ్చా? హలో మాట అవుతుందా? మీ అన్నను అడిగితే హలో అంటే పలకరింపు, పలకరింపు అంటే మాటే అంటాడు. అయితే నేను అనను. నువ్వు ఎత్తిన సంగతి నాకు ఎలా తెలుస్తుంది? దగ్గు. ఒకసారి దగ్గితే చాలు. నీ జవాబు సోమవారం లోపు చేరదు కాబట్టి ఇదే ఖాయం చేస్తున్నాను.

నీ ల్యాప్‌టాప్ తేదీ గురించి ఆలోచిస్తున్నాను. లోపలి బిళ్ళ అయిపోతే దానికి కాలం తెలియదని రాశావు. మనిద్దరి బిళ్ళ కూడా ఫిబ్రవరిలో అయిపోయినట్టుంది. ఇక్కడ వేరుశెనగ పీకడమూ అయిపోయింది, దీపావళీ అయిపోయింది, మనం మాత్రం ఇంకా ఆ పందిట్లోనే నిలబడి ఉన్నాం.

గంగాదేవి

---

మడకశిర,
2 డిసెంబరు 2025

వదినకు,

నిన్న అంతసేపు మాట్లాడి మళ్ళీ ఈ ఉత్తరం ఎందుకంటే, నువ్వు మొదట చేసిన ఫోనులో ఇటువైపు ఏం జరిగిందో నీకు తెలియదు. అది కాగితం మీద ఉండాలని నా కోరిక.

పదకొండుకు బటన్ నొక్కాను. ఫోను మోగింది, ఎత్తి దగ్గాను. నువ్వూ దగ్గావు. తర్వాత బడిలో హాజరు పిలిచినట్టు, నాలుగు, ఏడు, ఒకటి, తొమ్మిది, సున్నా అని ఒక్కొక్కటీ నొక్కి నొక్కి చెప్పావు. పది నెలల తర్వాత నీ గొంతు. అంకెలు రాసుకోవాలా, గొంతు వినాలా నాకు తెలియలేదు. సరిగ్గా ఆరో అంకె దగ్గర మా షాపు ముందు నుంచి ట్రాక్టరు వెళ్ళింది. నువ్వు ఆరు అన్నావో ఏడు అన్నావో వినపడలేదు. తప్పు కొడితే తాళం దగ్గరికి ఇంకో మెట్టు. నువ్వు పెట్టేస్తావేమోనని భయంతో నోట్లో నుంచి వచ్చేసింది, "ఆరా, ఏడా వదినా?" అని.

"ఆరే. ఆరు. చెవుడొచ్చిందేమే నీకు?"

అంతే. ఒట్టు పోయింది. నేను ఏడ్చాను, నువ్వు ఎందుకే ఏడుస్తావు అంటూ ఏడ్చావు. తర్వాత చేతుల దగ్గర వేలు వదులు చాలా రెండు వేళ్ళు కావాలా అన్న దగ్గర మొదలై, ఉగ్గానికి బొరుగులు ఎవరి ఊరివి మంచివి అన్నదాకా వెళ్ళాం. ల్యాప్‌టాప్ వైపు చూసేసరికి పదకొండూ ముప్పావు. నంబరు ఎప్పుడో చచ్చిపోయింది. తెర మీద 'గడువు ముగిసింది' అని ఉంది.

నువ్వు రెండోసారి ఫోను చేసినప్పుడు బుద్ధిగా ఆరంకెలు చెప్పి పెట్టేశావు, అందుకే పని అయింది. స్టోరు తెరుచుకుంది. డిజైన్లన్నీ ఉన్నాయి, నీ తామరపువ్వూ ఉంది. అప్‌డేట్ దిగింది. లావణ్య అని కొట్టి చూశాను. ణకు అంటుకుని యవత్తు బుద్ధిగా కూర్చుంది. నేను కుర్చీలో నుంచి లేచి నిలబడ్డాను.

ఆ వెంటనే భయం పట్టుకుని మా నాయనకు ఫోను చేశాను. ఎట్లా ఉన్నావు నాయనా అంటే, "సంకటి తింటాండా, ఏమ్మా?" అన్నాడు. ఒట్టు సంగతి అంతా చెప్పి ఏడ్చాను. విని, "నా మీద ఒట్టేసేటప్పుడు నన్నడిగినావా? అడగలేదు. నేను ఒప్పుకోని ఒట్టు నాకు తగలదు. ఫోను పెట్టు, సంకటి చల్లారిపోతాంది" అన్నాడు.

ఇంకొక్కటే. లోపలికి వెళ్ళగానే ఖాతా ఒక ప్రశ్న అడిగింది, ఈ ఫోను నంబరు మార్చాలా, ఇదే ఉంచాలా అని. నంబరు నీది. ఇంత తిప్పలు పడింది ఆ నంబరు మార్చుకోవడానికే కదా. 'ఇదే ఉంచు' నొక్కాను. ఇక స్టోరు ఎప్పుడు అలిగినా నీకు ఫోను చేయక తప్పదు.

రవికెతో పదమూడున బస్సు ఎక్కుతాను. గడప తొక్కుతాను.

జయంతి

---

కళ్యాణదుర్గం,
16 డిసెంబరు 2025

జయంతికి,

నిన్న నువ్వు బస్సు ఎక్కి వెళ్ళినప్పటి నుంచి ఇల్లు బోసిగా ఉంది. లావణ్య మధ్యాహ్నం నిద్రలో ఉంది. నాకు ఈ ఉత్తరాలు అలవాటైపోయాయి. ఎదురుగా ఉన్నప్పుడు నోట రానివి కాగితం మీద వస్తున్నాయి.

శ్రీమంతంలో చూశావు కదా, చిలమత్తూరు నుంచి వచ్చిన మా వియ్యంకురాలు లావణ్య వెనక్కి వెళ్ళి నిలబడి, కళ్ళద్దాలు సవరించుకుని, పేరును వేలితో అక్షరం అక్షరం చదివింది. చదివేసి, "ఇది ఎవురు కుట్టినారమ్మా? మా చిన్నకోడలికీ ఒకటి కావల్ల" అంది. అప్పుడు నేను నీ చేయి పట్టుకుని ముందుకు లాగి, మా మరదలు అన్నాను. నీకు ఆ ఒక్క మాటే వినిపించి ఉంటుంది. నేను ఇంకా చాలా అనాలనుకున్నాను. అనలేదు. ఓబమ్మ మాత్రం ఊరుకోలేదు, పేరు బాగుంది గాని కుడిచేయి బిగువు అని ఇప్పటికీ అందరికీ చెబుతోంది. ఆవిడకు స్టోరు లైనులో నవ్వలేక కూర్చున్న నడుము ఇంకా పట్టే ఉంది, ఆ కోపం.

ఇప్పుడు ఆ రోజు రాయనన్న జవాబు రాస్తాను. పందిట్లో ఆ రవికె చూడగానే అది మిషను చేసిన తప్పని నాకు తెలుసు. నీ చేయి అలాంటి తప్పు చేయదని నాకు తెలియదా? ఆ వియ్యంకురాలే ముక్కు విరిచి, పేరు కూడా రాయించుకోలేరా మీరు అంది. నా పరువు పోయినట్టనిపించింది. ఆవిడను ఏమీ అనలేక, నాదానివని, ఎంత అన్నా పడతావని నిన్ను అన్నాను. అది కూడా నీకు ఎక్కడ తగులుతుందో తెలిసే అన్నాను. తప్పు చేశాను జయంతీ. జాడీ పగిలినప్పుడు పిల్లి మీద పెట్టినదాన్ని, నా పరువు పగిలినప్పుడు నీ మీద పెట్టాను. పెద్దదాన్ని, నీ కాళ్ళు పట్టుకోకూడదంటారు. పట్టుకున్నట్టే అనుకో.

పెళ్ళి రవికె మీది పేరు విప్పి మళ్ళీ కుట్టిస్తానంటే లావణ్య ఒప్పుకోలేదు. అట్లే ఉండనీ అమ్మా, మీరిద్దరూ ఎంత మొండివాళ్ళో నా బిడ్డకు చూపించాల అంది. మనం రోజూ మాట్లాడుకుంటున్నామని చెప్పిన రోజే దానికి తెలిసిపోయిందట. రోజూ మాట్లాడుకుంటే మధ్యలో ఒక్కసారైనా పోట్లాడేవాళ్ళు కదా, పోట్లాట వినపడలేదు, అందుకే నమ్మలేదు అంది.

బీరువాలో నుంచి తీసి ఇచ్చిన చీర ఎట్లా ఉందో చెప్పకుండానే వెళ్ళావు. అంచు నీకు...

ఉండు, ఫోను మోగింది. మోగడం కాదు, టింగ్ మంది. ఇంగ్లీషులో ఏదో వచ్చింది, మధ్యలో ఆరంకెలు. మూడు, సున్నా, ఎనిమిది, ఎనిమిది, రెండు, ఐదు. స్టోరు మళ్ళీ అలిగిందా, నువ్వే అలిగించావా? నేను వంటింటి కిటికీ దగ్గరికి వెళ్తున్నాను. ఉత్తరం ఇక్కడితో ఆపుతాను, పది నిమిషాలే కదా గడువు.

నీ వదిన